మిట్టమధ్యాహ్నం పలికిన పలకలు

“ఆ గుర్తు చెరిపారంటే మర్యాద దక్కదు, చెబుతున్నా!”

రన్‌వే మీద గొంతుక్కూర్చుని నల్లరంగు కుంచెతో ఎర్ర ఇంటూమార్కును కప్పేస్తున్న మనిషి ఉలిక్కిపడి లేచాడు. హిలారియా ఇనుప కడ్డీ చేతబట్టుకుని ఎదుట నిలబడి ఉంది. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. కాంక్రీటు మీద మంచు ఉప్పు చల్లినట్టుంది.

అతను ఏదో అనబోయి నోరు తెరిచాడు. మాట రాలేదు, ఆయాసం వచ్చింది. పదమూడు వేల అడుగుల ఎత్తులో కొత్తవాడికి మాటకో గుక్కెడు గాలి కావాలి.

“ముందు ఊపిరి పీల్చుకోండి. తర్వాత తిడుదురుగాని,” అంది హిలారియా. “కింద పల్లంలో సాంతాక్రూజ్ నుంచి వచ్చిన ఇంజనీరు మీరేనా? నాలుగు స్వెట్టర్లు వేసుకున్నప్పుడే అనుకున్నా.”

“మూడే,” అన్నాడు ఒస్వాల్దో రోషంగా. “ఈ ముప్పై ఒక్క గుర్తులూ మీరు పెట్టినవేనా? నిన్న మధ్యాహ్నం నా బండితో అన్నీ కొలిచాను. ఒక్కటీ కుంగలేదు. గట్టి పలకల్ని పగలగొట్టిస్తారా, హిలారియా గారూ?”

అతని బండి అంటే, పెద్ద బరువును దబ్బున పడేసి పలక ఎంత కుంగిందో లెక్కగట్టే యంత్రం. హిలారియా దగ్గరున్నది కడ్డీ, రెండు చెవులు. అంతే. గదంతేసి పలకలు నాలుగు కిలోమీటర్ల పొడవునా పరుచుకున్న ఆ రన్‌వేకి ఆమెకంటే వయసెక్కువ. తండ్రి ఇరవై ఏళ్ళపాటు రోజూ మొదటి విమానానికి ముందే దాని మీద నడిచి, కొట్టి, విన్నాడు. ఆయన మోకాళ్ళు పోయాక కడ్డీ ఆమె చేతికొచ్చింది. ఇప్పుడు పాత పలకలు మార్చడానికి నలభై రోజులు విమానాలు ఆపారు. అన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

ఆమె కడ్డీ ఎత్తి పలక మూల కొట్టింది.

డొబ్. కింద బోలు.

గుర్తు లేని పక్క పలక మీద కొట్టింది. ఖంగుమంది.

ఒస్వాల్దో మొహంలో రోషం పోయి మరేదో వచ్చింది. “మళ్ళీ కొట్టండి,” అన్నాడు, ఈసారి మెల్లగా.

ఇంతలో మేస్త్రీ సెవెరో వచ్చాడు. హిలారియాకి మేనమామ. “పొద్దున్నే పోట్లాటా? విమానాశ్రయం చీఫ్ గారు చెప్పమన్నది చెబుతున్నా, వినండి. సాయంత్రానికి మార్చాల్సిన పలకల జాబితా మూసేస్తాం. ఇద్దరూ ఒక మాట మీదకి వస్తే సరే. లేదంటే బండి మాటే ఖాయం. కడ్డీ ఇక అక్కర్లేదన్నారు. నువ్వు గడ్డి కోసే జట్టులోకి పోవాలమ్మా.”

“నేనా? గడ్డి కోయడమా?”

“నన్ను తినేసేలా చూడకు. చెప్పమన్నారు, చెప్పా.”

అలా మొదలైంది ఆ రోజు. ముప్పై ఒక్క పలకల మీదా గంటగంటకీ ఆమె కొట్టాలి, అతను రాయాలి అని ఇద్దరూ ఒప్పుకున్నారు. మొదటి చుట్టులో అన్నీ డొబ్‌మన్నాయి. హిలారియా నవ్వు ఆపుకోలేకపోయింది.

“రాసుకోండి, ఇంజనీరు గారూ. ముప్పై ఒకటి. అంకెలు వచ్చుగా?”

“అంకెలే వచ్చు. మనుషులతో మాట్లాడ్డమే రాదు,” అన్నాడతను. అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. చలికి కావచ్చు.

ఆమె ఫ్లాస్కులోంచి ఊదారంగు మొక్కజొన్న జావ వంచి ఇచ్చింది. అతని మూతి చుట్టూ ఊదా మీసం మొలిచింది. ఆ సంగతి ఆమె చెప్పలేదు. చూసి చూసి ఆనందించింది.

ఎండ ఎక్కింది. ఎనిమిదో పలక మీద కడ్డీతో కొడితే... ఖంగుమంది.

ఆమె మళ్ళీ కొట్టింది. ఖంగు. తొమ్మిదోది ఖంగు. పన్నెండోది ఖంగు. తెల్లవారుజామున బోలుగా పలికినవి ఒక్కొక్కటే గట్టి గొంతుతో బదులిస్తుంటే ఆమె కడ్డీ తిప్పి కొస చూసింది. నాన్న చెవులు నాకు రాలేదా? ఇన్నేళ్ళూ లేని జబ్బుకి గుర్తులు పెట్టానా? కడ్డీని కసిగా ఎత్తింది. ఒస్వాల్దో దాన్ని పట్టుకున్నాడు.

“ఇక కొట్టకండి.”

“రాసుకోండి! గెలిచారుగా!”

“గెలవడం కాదు. మీ చెవి తప్పు చెప్పలేదు. రండి, ఇలా పడుకోండి.”

“ఏమిటీ?”

“చెవి నేలకి ఆనించండి.” ముందు తనే బోర్లా పడుకున్నాడు. మూడు స్వెట్టర్లతో, ఊదా మీసంతో. ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అయినా పడుకుంది.

టిక్.

ఎక్కడో దూరంగా ఇంకోటి. టిక్... టిక్. పలకకీ పలకకీ మధ్య అతుకులు బిగుస్తున్న చప్పుడు. తూర్పు కొసనుంచి పడమటి కొసదాకా, నాలుగు కిలోమీటర్ల రాయి ఎండలో ఒళ్ళు సర్దుకుంటోంది.

“రాత్రి చలికి పైపొర ముడుచుకుంటుంది, అడుగు ముడుచుకోదు,” అన్నాడు అతను గుసగుసగా, గుడిలో మాట్లాడుతున్నట్టు. “పెనం మీద రొట్టెలాగా, అతుకులు సడలిన పలకల అంచులు పైకి లేస్తాయి. మీరు తెల్లవారుజామున కొడితే అంచు కింద నిజంగానే గాలి ఉంటుంది. ఎండ రాగానే మళ్ళీ ఆనుకుంటాయి. నేను మధ్యాహ్నం కొలిచాను. పుస్తకంలో చదివాను గాని, మా ఊళ్ళో రాత్రీ పగలూ ఒకటే ఉక్క. ఎప్పుడూ వినలేదు.”

హిలారియా కదల్లేదు. ఇరవై ఏళ్ళు నాన్న నడిచాడు, ఆరేళ్ళు తను నడిచింది. మధ్యాహ్నం విమానాలది కాబట్టి ఆ వేళ ఇక్కడ అడుగుపెట్టే వీలే లేదు. ఇంత బరువు మోసే ఈ రాయి రోజూ గులకరాయి మందాన లేచి, మళ్ళీ ఒదిగి పడుకుంటుందని ఎవరికి తెలుసు! టిక్కుమన్నప్పుడల్లా ఆమె చెవిని నేలకి ఇంకాస్త గట్టిగా ఆనించింది. అతని మొహం జానెడు దూరంలో ఉంది. ఇద్దరి కళ్ళూ ఒకదానికొకటి చిక్కుకుని వెంటనే విడిపోయాయి.

“మీ మూతికి జావ అంటుకుంది,” అంది.

“ఎప్పటినుంచి?”

“పొద్దుటినుంచి.”

సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఇరవై ఏడు పలకలు కుదుటపడ్డాయి. నాలుగు మాత్రం పడలేదు. ఎండ నిప్పులు చెరుగుతున్నా మూల మీద కొడితే డొబ్ డొబ్ అంటూనే ఉన్నాయి. ఒస్వాల్దో బండిని తెచ్చాడు. “నిన్న పలక నడిమధ్యనే కొలిచాను. మూలలు చూడలేదు. నాదీ తప్పే,” అంటూ బరువును మూల మీద పడేశాడు. తెర మీద కుంగుదల అంకె ఎగిరి కూర్చుంది.

“నాలుగు!” అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. సెవెరో జాబితాలో నాలుగు రాసి, కింద ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాడు. కడ్డీ హిలారియా చేతిలోనే ఉండిపోయింది.

మొదటి పలకను కోసి క్రేను పైకి లేపింది. చుట్టూ చేరిన పనివాళ్ళు అంచుదాకా వచ్చి చూశారు. కింద ఇసుక లేదు. ఎన్నేళ్ళ వాననీరో దారి చేసుకుని కడిగేసింది. హిలారియా వంగి చెయ్యి పెడితే భుజందాకా పోయింది. ఈ చీకటి మీదనే కదా ఇన్నాళ్ళూ చంటిపిల్లలూ, కొత్త పెళ్ళికూతుళ్ళూ, కునుకుతీసే ముసలాళ్ళూ దిగింది! జానెడు మందం రాయి అందరినీ ఎత్తిపట్టింది. ఒక్కొక్కరే టోపీలు తీశారు.

సెవెరో జేబులోంచి చిన్న సారాసీసా, మొక్కుకి వాడే కోకా ఆకులు గుప్పెడు తీశాడు. “కొత్త కాంక్రీటు పొయ్యబోయే ముందు భూమితల్లికి పెట్టాలి. ఒంటిగా పెట్టకూడదు. ఒక ఆడ, ఒక మగ, జంటగా పొయ్యాలి. ఈ గొయ్యి కనిపెట్టినవాళ్ళే రండి.”

ఒస్వాల్దో తడబడ్డాడు. “జంటగా అంటే... ఈ ఒక్క గోతికేనా మేస్త్రీ?”

పనివాళ్ళు ఈలలు వేశారు. సెవెరో మేనకోడలి వైపు చూశాడు. “నన్నడుగుతావేం బాబూ? ఆమెనడుగు.”

ఒస్వాల్దో ఆమె వైపు తిరిగాడు. ఈసారి ఆయాసం ఎత్తువల్ల కాదు. “హిలారియా, రేపటి గోతికి కూడా నేను రావచ్చా? ఎల్లుండి దానికీ?”

“పని అయ్యాక?”

“పని అయ్యాక గోతులు లేకపోయినా.”

హిలారియా సీసా అందుకుని అతని చేతిలో పెట్టి, పైన తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

“వొలకబోయకు. నెమ్మదిగా వంచు,” అంది. మొదటిసారి ‘మీరు’ మానేసి.