మూడు వేళ్ళ వల

కొడుకు సరస్సు నుంచి తిరిగి వచ్చేసరికి కోడలు వాకిట్లో త్రాసు సర్దుకుని కూర్చుంది. త్రాసుతో పని పడలేదు. బుట్ట అడుగు కూడా నిండలేదు. ఉన్నవన్నీ చిటికెన వేలంత చేపలు. ఆమె వాటిని ఒకసారి కెలికి చూసి, త్రాసు తీసి లోపల పెట్టేసింది.

వసారాలో ముసలాయన చిరిగిన వల బాగు చేస్తున్నాడు. నలభై ఏళ్ళుగా ఊరికి వలలు అల్లేది ఆ ఇంటివాళ్ళే. దుకాణంలో కొన్న వల సరస్సు అడుగున ఉన్న మొద్దులకు తగిలి రెండు రోజుల్లో పీలికలవుతుంది. కొడుకు కొత్త దారపు ఉండ తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. ఈసారి చిన్న చేపలు కూడా చిక్కేలా, ఒక్క వేలు పట్టే కన్నుతో అల్లమన్నాడు.

ముసలాయన ఆ ఉండను కాలితో పక్కకు నెట్టాడు. వల కన్నులో మూడు వేళ్ళు దూరాలి, చిన్న చేప తప్పించుకుని ఒక్కసారైనా గుడ్లు పెట్టాలి, ఆ తర్వాతే దాన్ని పట్టాలి అని పాత పాఠం మొదలుపెట్టాడు. ఇంట్లో అందరికీ అది కంఠతా వచ్చు. ఇప్పటివాళ్ళ ఆశ సరస్సును ఊడ్చేసిందన్నాడు. కొడుకును కూడా కలిపే అన్నాడు.

కోడలు అందుకుంది.

"ఆ పాఠం ఉడికించి పెడితే పిల్లలు తినరు మామయ్యా."

అటక మీద అత్తగారు అల్లిన వల ఒకటి వాడకుండా ఉందని, రేపటికి అదైనా వేసుకోమని మొగుడికి చెప్పింది. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ఆవిడ వలలోకి చేపలు పిలవకుండానే వస్తాయని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. ముసలాయన వలలు మూలన పడి ఉన్నా, ఆవిడవి అల్లినవి అల్లినట్టే అమ్ముడుపోయేవి.

ముసలాయన వద్దన్నాడు. గుర్తుగా ఉండనిమ్మన్నాడు. కోడలు అప్పటికే నిచ్చెన ఎక్కింది.

వాకిట్లో వల పరిచారు. కొడుకు ఎక్కడైనా చిరిగిందేమోనని తడుముతూ తడుముతూ ఆగిపోయాడు.

"నాన్నా, నీ చెయ్యి ఇలా పెట్టు."

ముసలాయన కదల్లేదు. కొడుకే ఆయన చెయ్యి పట్టి వల మీదికి లాగాడు. రెండు వేళ్ళు దూరాయి. మూడోది దూరలేదు. కోడలు వంగి తన వేళ్ళు పెట్టింది. మూడూ దూరాయి.

అల్లేవాళ్ళు కన్నును తమ వేళ్ళతోనే కొలుచుకుంటారు. అత్తగారివి సన్నటి వేళ్ళు.

"అమ్మకి ఈ తేడా తెలియదా?"

"తెలుసు. కాపురానికొచ్చిన రెండో ఏడే చెప్పింది. నీ వేళ్ళ లెక్కకి ఒక చెక్కముక్క చేసివ్వు, దాంతో అల్లుతానంది."

"చేశావా?"

"లేదు. తన వలలకి గిరాకీ ఉండేది. నోరు మూసుకుని అల్లమన్నాను."

ఆవిడ అలాగే ముప్ఫై ఏళ్ళు అల్లింది. ఊళ్ళో ఆవిడ వల లేని పడవ లేదు. ముసలాయన వల కొస కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. ఒక పూట పని, ఆ ఒక్కటీ చేసివ్వలేకపోయానని గొణిగాడు. కోడలికి జాలి వేసింది.

"రోజూ నన్ను తిడుతున్నావు," అన్నాడు కొడుకు.

"తిట్టాను."

కొడుకు అరవబోయి తమాయించుకున్నాడు. మెల్లగా అడిగాడు. "ఇప్పుడు మనం ఒక్కళ్ళం ఆపితే సరస్సు బాగుపడుతుందా?"

"పడదు. ఊరంతా మూడేళ్ళు ఆపితే పడుతుందేమో."

"ఎవరు ఆపుతారు?"

ముసలాయన లేచి చెప్పులు వేసుకున్నాడు. మధ్యాహ్నమంతా గడప గడపకీ తిరిగాడు. తన తప్పును ఏదీ దాచకుండా చెప్పాడు. తమ ఇంటి వలలు ముప్ఫై ఏళ్ళలో పిల్లచేపను మిగలనివ్వలేదని, వలలన్నీ ఒడ్డుకు చేర్చమని బతిమాలాడు. అందరూ మర్యాదగానే విన్నారు. ఒకామె కూర్చోమని పీట కూడా వేసింది.

పొద్దు వాలే వేళకి ఇల్లు చేరాడు. ఏమన్నారని కోడలు అడిగింది.

"ఒక్క వేలు కన్నుతో అల్లిపెట్టమన్నారు. నలుగురు."

కొడుకు అరుగు మీద జరిగి తండ్రికి చోటిచ్చాడు. ఇద్దరూ భుజాలు ఆనించి కూర్చున్నారు.