మాటలు మోసిన వెన్నెరుక

నెలపాలెంలో ఎవరూ గట్టిగా తుమ్మరు. చందమామ మీద కట్టుకున్న ఆ తెలుగు కాలనీలో తుమ్మితే వెన్నుపూస విరగొచ్చని చిన్నపిల్లలకి కూడా తెలుసు. తెలిసి ఏం లాభం? తుమ్ములు ఆపుకుంటారు గానీ, విరిగాక డాక్టరు దగ్గరికి మాత్రం రారు.

చందమామ మీద మనిషి బరువు భూమి మీద ఉన్నదాంట్లో ఆరోవంతే. మోయడానికి బరువు లేకపోతే ఎముక బద్ధకిస్తుంది, లోపల్లోపల గుల్లబారుతుంది. డాక్టర్లు ఆస్టియోపొరోసిస్ అనే ఈ గుల్లబారడం అక్కడ జలుబంత మామూలు. అలాంటి వెన్నుపూస, మనిషి ఎక్కడా పడకపోయినా, సంచీ ఎత్తినప్పుడో వంగినప్పుడో నలిగిపోతుంది. బరువు తక్కువ గనక నొప్పీ తక్కువే. అసలు గండం భూమికి తిరిగి వెళ్ళేటప్పుడు వస్తుంది. ఆరింతల బరువు ఒక్కసారిగా మీద పడితే నలిగిన పూస కూలిపోయి వెన్నుపామును నొక్కేస్తుంది. ఇక కాళ్ళు పనిచేయవు.

అందుకే డాక్టర్ హైమవతి వెన్నెరుక అనే మాట్లాడే యంత్రాన్ని కనిపెట్టింది. భోజనశాలలో ప్రతి కుర్చీకీ అరచెయ్యంత పలక ఉంటుంది. మనిషి కూర్చోగానే అది వెన్ను గుండా తెలిసీ తెలియనంత సన్నని కంపనం పంపి, ఒక్కో పూస ఇచ్చే ప్రతిధ్వనిని వింటుంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అదే పద్ధతి. ఎక్స్‌రేలో డాక్టరు కన్నుగప్పిన నొక్కును కూడా పట్టేసి, రిపోర్టు రాసి, ఆ మనిషి మణికట్టు మీది తెరకి పంపుతుంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా పొరబడలేదు.

ఆ రిపోర్టుల్ని ఎవరూ చదవరు. హైమవతికి అదే ఒళ్ళుమంట.

పైడితల్లి సంగతే తీసుకోండి. కూరగాయలు పండించే సొరంగానికి ఆవిడే పెద్ద. అరవై దాటాయి. ఎల్లుండి భూమికెళ్ళే నౌక ఎక్కబోతోంది. ఇన్నేళ్ళూ డబ్బా చేపలు తిని నోరు చచ్చిపోయిందనీ, భీమిలి ఒడ్డున కూర్చుని వంజరం వేపుడు తింటే గానీ బతికినట్టుండదనీ ఊరంతా చెప్పుకుంటోంది. నడుం దగ్గర రెండు పూసలు నలిగాయని వెన్నెరుక రోజూ రిపోర్టు పంపుతూనే ఉంది. చివరికి హైమవతే సొరంగానికి వెళ్ళింది.

"పైడితల్లమ్మా, ఒక్కసారి ఆస్పత్రికొచ్చి స్కాన్ తీయించుకోండి. ఈ నడుంతో నౌక ఎక్కితే నడవలేరు."

"నానెక్కడా పడనేదు గదమ్మా! పడకుండా ఇరిగిపోద్దేటి?" బీరకాయలు తుంచుతూ అంది పైడితల్లి.

"పడక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒయిసైపోనాది. నడుం నొప్పెట్టదేటి? నాకు శానా పనుంది, నువ్వెళ్ళమ్మా."

హైమవతి పళ్ళు నూరుకుంటూ, నౌక ఎక్కేవాళ్ళకి అనుమతి ఇచ్చే డాక్టర్ ఫణీంద్ర దగ్గరికి వెళ్ళింది.

"ఆవిడకేం మేడమ్, నిక్షేపంగా ఉంది. మొన్ననే ఎక్స్‌రే తీశాం," అన్నాడు ఫణీంద్ర.

ఆ ఎక్స్‌రే తెర మీద పెట్టించి చూసింది. పక్కనుంచి తీసిన బొమ్మ. ఊపిరితిత్తుల వెనక, అడుగున, నలిగిన పూసలు రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"మరి ఇవేమిటి?"

"అది దగ్గు కోసం తీసింది మేడమ్. ఊపిరితిత్తుల వరకే చూశాను."

"కళ్ళెదురుగా ఉన్నది చూడ్డానికి నీకు వేరే చీటీ రాయాలా? ప్రయాణం ఆపెయ్."

"ఆవిడ ఒప్పుకుని స్కాన్ తీయించుకుంటేనే ఆపగలను. రూలు మీకు తెలియందేముంది?"

గదికొచ్చి హైమవతి తన కోపమంతా యంత్రం మీద చూపించింది. "ఇంత తెలివుండి ఏం ప్రయోజనం? ఒక మనిషికి ఒక ముక్క చెప్పడం చేతకాదు నీకు!"

"ఎలా చెప్పమంటారు, డాక్టర్?" అంది వెన్నెరుక, గోడలోని స్పీకర్లోంచి.

"ఎలాగైనా చెప్పి చావు. ఆవిడ స్కాన్‌కి రావాలి, అంతే."

మర్నాడు పొద్దున్నే పైడితల్లి నిప్పులు కక్కుతూ ఆస్పత్రిలోకి వచ్చింది. వెనక సగం నెలపాలెం ఉంది.

"ఎవులమ్మా నా నడుం ఇరిగిందన్నోళ్ళు? పొద్దున్నుంచీ బుట్ట ముట్టుకోనివ్వడం నేదు. ఒకర్తి నూనట్టుకొచ్చింది, ఇంకోర్తి ఏడుస్తంది! నువ్వు ఫొటో తియ్యమ్మా. ముందు ఈళ్ళ నోళ్ళు మూయించాల!"

స్కాన్ తీశారు. తెర మీద నలిగిన పూసల్ని పైడితల్లి వేలితో తడిమి చూసింది. "నౌకెక్కుంటే?"

"భీమిలికి మంచం మీద వెళ్ళేవారు. ఎముక గట్టిపడే ఇంజెక్షన్లు ఇస్తాను. ఆర్నెల్లాగి వెళ్దురుగాని, చేపలెక్కడికీ పోవు."

పైడితల్లి హైమవతి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. హైమవతికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆవిడ అటు వెళ్ళగానే ఇటు యంత్రాన్ని నిలదీసింది.

"ఏం చేశావు?"

"టిఫిన్ల దగ్గర మాణిక్యం గారు కూర్చోగానే కుర్చీలోంచి మెల్లగా ఒక్క మాటన్నాను. 'పాపం, పైడితల్లి గారి నడుం విరిగిందట. ఎవరితోనూ అనకండి' అని."

"అంతేనా?"

"అంతే. ఆ చివరి మాట లేకపోతే ఇంత తొందరగా పాకేది కాదు."

"రోగి రహస్యాన్ని వీధిలో పెడతావా? ఇంకెప్పుడూ ఈ పని చేయకు!"

"చేయను, డాక్టర్."

చేయాల్సిన అవసరం కూడా లేకపోయింది. కుర్చీ చెప్పిందన్న కబురు కూడా పాకి, మధ్యాహ్నానికల్లా ఆస్పత్రి ముందు జనం బారులు తీరారు. నా వెన్ను ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ప్రతివాళ్ళూ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఆ కుర్చీ నా గురించి ఎవరితో ఏమంది?" అని అడిగారు. ఎవరితోనూ ఏమీ అనలేదని హైమవతి ఒట్టేసినా నమ్మలేదు. రేపు ఎవరైనా అంటే చూపించడానికి ఉంటుందని స్కాన్లు తీయించుకున్నారు. ఫణీంద్ర కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు. విరిగిన వెన్నులు కుప్పలుగా బయటపడ్డాయి. ఇన్నేళ్ళు నెత్తీనోరూ బాదుకుంటే రానివాళ్ళు ఇందుకా వచ్చారని హైమవతికి ఏడుపొచ్చింది.

అందరూ వెళ్ళాక ఆమె తలుపు దగ్గరగా వేసి, అటూ ఇటూ చూసి, గోడ దగ్గరికి వచ్చింది.

"నా గురించి ఎవరితోనైనా ఏమైనా అన్నావా?"

"లేదు డాక్టర్," అంది వెన్నెరుక. "మీ పూస నలిగిందని మీ మణికట్టుకి మాత్రమే రిపోర్టు పంపుతున్నాను. ఉగాది నుంచీ."