సందు లేని తలుపు

మాది పాత చెక్క ఇల్లు. దుమ్ము ముందు అది జల్లెడే. న్యూ సౌత్ వేల్స్ పడమటి మైదానాల్లో వాన మొహం చాటేసిన ఏడాది అది. వారానికోసారి ఎర్ర ధూళి తుఫాను లేచేది. మా అమ్మాయి ఇమ్మీకి తొమ్మిదేళ్లు, ఉబ్బసం. కిందటి తుఫానుకి దాని పెదాలు నీలంగా మారాయి. ఇంకొకటి వస్తే తట్టుకోలేదని డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది. ఇల్లు మొత్తమ్మీద గట్టిగా మూయగలిగింది రేకుల గ్యారేజి ఒక్కటే. కారు బయట పెట్టి, ఇమ్మీ మంచం అందులో వేశాను.

మూడు రోజులు అదే పని. పైకి లేచే పెద్ద తలుపు అడుగంచుకి మందపాటి రబ్బరు, పక్కలా పైనా బ్రష్షు పట్టీలు, వెనక థర్మాకోల్ పలకలు. స్క్రూలన్నీ లోపలి నుంచే బిగించాను. వంటింట్లోకి వెళ్లే చిన్న తలుపునీ నమ్మలేదు. చుట్టూ నురగ జిగురు కొట్టి, మీద పలక వేసి శాశ్వతంగా మూసేశాను. నేనొక పని పట్టుకుంటే ఎక్కడ ఆగాలో తెలియదని మా ఆవిడ షెల్లీ ఊరికే అనదు.

మిట్టమధ్యాహ్నం లోపల దీపం ఆర్పి నిలబడేవాణ్ని. ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టి మళ్లీ మూసేవాణ్ని. పక్కింటి మెర్వ్ కంచె మీద మోచేతులానించి చూసేవాడు.

"ఏంట్రా డారెల్, జలాంతర్గామి కడుతున్నావా?"

"నీ చుట్ట కంపు రాకుండా మూస్తున్నాలే పెద్దాయనా."

శుక్రవారం చివరి గీత కూడా పోయింది. నా చెయ్యి నాకే కనిపించలేదు. చాలా గర్వపడ్డాను.

ఆ మధ్యాహ్నం మూడింటికే పడమర ఎర్రగా లేచింది. షెల్లీ టౌన్లో ఆసుపత్రి డ్యూటీలో ఉంది. రోడ్డు మూసేశారు. ఇమ్మీని లోపలికి తెచ్చి తలుపు దించాను.

"నాన్నా, టైర్ల కొట్టు వాసనొస్తోంది."

"దుమ్ము కన్నా నయమే కదే. పడుకో."

కాసేపటికి కరెంటు పోయింది. చీకటి. రేకుల మీద బియ్యం కుమ్మరిస్తున్నట్టు ఇసుక చప్పుడు. కొత్త రబ్బరు వాసన గొంతులో అంటుకుంది. మంచం మీద ఇమ్మీ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. సన్నగా, ఆగి ఆగి.

టక్... టక్...

తలుపు మీద. బాగా కింద, నా మోకాలి కంటే కింద.

"డారెల్... తియ్యరా." మెర్వ్ గొంతు.

"ఇంటి వెనక తలుపు తీసే ఉంది పెద్దాయనా. అటు వెళ్లు."

"ఊపిరాడట్లేదురా... నన్ను బయటికి రానివ్వు."



"నువ్వు... బయటే ఉన్నావు కదా?" అని గుసగుసగా అడిగాను.

 గోళ్లతో రేకుని గీకుతున్న చప్పుడు వచ్చింది.

మా వైపు దుమ్ములో చిక్కుకున్న మనిషిని ఎవరూ వదిలేయరు. వదిలేసినవాడు ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేడు. కానీ తలుపు జానెడు లేపినా ఇమ్మీ బతకదేమో. అవతల మనిషి చస్తుంటే ఇవతల నేను పిల్లికూతలు లెక్కపెడుతూ నిలబడ్డాను. సిగ్గేసింది. చివరికి మనసు ఊరుకోలేదు.

"ఇమ్మీ, మొహానికి తడిగుడ్డ అడ్డం పెట్టుకో. ఒక్క నిమిషం."

పిల్లికూతలే జవాబు.

మోటారు నుంచి తలుపుని విడిపించే తాడు లాగాను. వంగి ఎత్తాను. కదల్లేదు. పట్టు కోసం అడుగంచు తడిమాను. రబ్బరు లేదు. బోడి రేకు. పక్కలు తడిమాను. బ్రష్షు పట్టీలు లేవు. స్క్రూల తలలుండాల్సిన చోట వేలికి ఏదో గుచ్చుకుంది. దాని పక్కన ఇంకొకటి. కింద మరొకటి...

అవి స్క్రూల మొనలు. అన్నీ అటువైపు నుంచి బిగించి ఉన్నాయి.

అవతల డ్రిల్లు గిర్రున తిరిగి ఆగింది. తర్వాత ఎవరో దగ్గారు. చిన్న దగ్గు. వెయ్యిమందిలో ఉన్నా ఆ దగ్గు పోల్చుకోగలను.

"నాన్నా, లోపల ఎవరో ఉన్నారు."

"ఎవరూ లేరమ్మా. గాలి."

అది నా గొంతు.

"ఇమ్మీ, నేనిక్కడున్నానే. ఇమ్మీ..." పిడికిళ్లతో బాదాను. అవతల నేను వేసిన థర్మాకోల్ పలకలే నా చప్పుడు మింగేశాయి.

"ఇప్పుడు ఊపిరి ఆడుతోందా తల్లీ?" అని అవతల నేను అడిగాను.

"ఆ... హాయిగా ఉంది నాన్నా."

నా చేతులు ఆగిపోయాయి. దానికి ఊపిరి ఆడుతోంది. ఈ తలుపు తెరుచుకుంటే మళ్లీ ఏమవుతుందో... బాదలేకపోయాను. నుదురు రేకుకి ఆనించి, దాని మాటలు దూరమైపోయేదాకా వింటూ నిలబడ్డాను.

నా వెనక మంచం మీద పిల్లికూతలు మాత్రం ఆగలేదు. కాసేపటికి మంచం కిర్రుమంది... ఎవరో కాళ్లు కింద పెట్టారు.