చీటీ అంటించని మీట

చిత్తూరు సంతపేటలో జయరావు ఇంటి ముందు గది మధ్యాహ్నం పూట చల్లగా ఉంటుంది. ఆ రోజూ అట్లానే ఉంది. వంటింట్లో భార్య రేవతి అన్నంలో పెరుగు కలుపుతోంది. అతను ముందు గదిలో కూర్చుని కీబోర్డు మీటల మీద చీటీలు అంటిస్తున్నాడు.

ఇరవై ఏళ్లు నోటితోనే బతికిన మనిషి. పెళ్లిళ్లలో, బడి వార్షికోత్సవాల్లో మిమిక్రీ చేసేవాడు. అతను మొరిగితే వీధికుక్కలు బదులు మొరిగేవి. పోయినేడు గొంతులో పుండు లేచింది. వేలూరు డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడకు రూపాయి బిళ్లంత రంధ్రం మిగిలింది. ఊపిరి తీసేదీ వదిలేదీ అందులోంచే. ఆపరేషన్‌కు ముందు రోజు తన శబ్దాలన్నీ ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. మామూలు మాట మాత్రం ఒక్కటీ చేసుకోలేదు. ఆ సంగతే తోచలేదు.

నాలుగు రోజుల కిందట స్నేహితుడు జహీర్ తన రిపేరు షాపులో పడివున్న పాత కీబోర్డు తెచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించి పోయాడు. అది టైపు చేయడానికి కాదు. ఒక్కో మీట నొక్కితే ఆ రికార్డుల్లోంచి ఒక్కో శబ్దం రావాలి, అంతే. తెల్లారితే కాణిపాకంలో ఒక బడిలో ప్రోగ్రాం. గొంతు పోయాక అదే మొదటిది. అది నిలబడితే తనూ నిలబడతాడు.

'కుక్క' నొక్కాడు. మొరిగింది. 'రైలు' కూసింది. 'పసిబిడ్డ' గుక్కపట్టి ఏడ్చింది. జయరావు కళ్లు చెమర్చాయి.

ఇంకో చీటీ అందుకోబోతుంటే, చిటికెన వేలు మూలనున్న ఖాళీ మీటకు తగిలింది.

ఎవరో కఫాన్ని కాండ్రించి, నోటిదాకా తెచ్చుకుని, ఉమ్మకుండా మళ్లీ మింగిన చప్పుడు.

ల్యాప్‌టాప్‌లో చూశాడు. ఆ మీటకు ఏ శబ్దమూ పెట్టలేదు. వేలు పైకెత్తితే జిగురు దారంలా సాగింది. వెచ్చగా ఉంది.

జహీర్‌కు మెసేజ్ పెట్టాడు. పాతది గదన్నా, మురికి పట్టుంటాది, మీటలు పీకి తుడువు అని జవాబొచ్చింది.

స్క్రూడ్రైవరు మొనతో మీట పీకాడు. దుమ్మూ వెంట్రుకలూ ఉంటాయనుకున్నాడు. లోపల ఎర్రగా, మెత్తగా, పళ్లూడిన చిగుళ్లలాంటిది తడితడిగా కదిలింది. పక్క మీట పీకాడు. అక్కడా అదే. ఆ గుంతల్లో నమిలిన మెతుకులు, పులిసిన పెరుగు, చీము వాసన. ఆసుపత్రిలో తన మెడకు కట్టు విప్పినప్పుడు వచ్చిన వాసన. దూదితో తుడవబోతే... అది దూదిని లోపలికి లాక్కుని చప్పరించింది.

వైరు పీకి పారేశాడు.

"రేవతీ..."

కీబోర్డులోంచే. అతని గొంతే. ఏడాది కిందట పోయిన గొంతు.

"ఆకలవతా ఉండాది..."

రేవతి పెరుగన్నం గిన్నెతో వచ్చింది. మొగుడి వైపు చూడలేదు. ముద్ద తీసి ఆ గుంతలో పెట్టబోయింది. జయరావు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నాలుగు దినాలుగా పెడతానే ఉండా," అంది గుసగుసగా. "మీరు టీకి పోయినప్పుడంతా పిలస్తాది. మీరు మాట్లాడరు గదా. ఇదన్నా మాట్లాడతాది."

ఆమె వేలికొనలు నీళ్లలో నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. ఎవరో రోజుల తరబడి చీకినట్టు.

జయరావు ఇంకేమీ ఆలోచించలేదు. కీబోర్డును గోతంలో చుట్టి, చంకన పెట్టుకుని, నీవా నది దాకా పరుగెత్తాడు. దారంతా అది పక్కటెముకలకు ఆనుకుని గుటకలు వేస్తూనే ఉంది. చొక్కా తడిసింది. ఊరి మురుగంతా పారే చోట విసిరేశాడు. వీధి కుళాయి దగ్గర మూడుసార్లు చేతులు కడిగాడు. వాసన పోలేదు.

వేరే దారిన తిరిగొచ్చేసరికి ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. రేవతి లేదు. గిన్నె లేదు.

ఎదురింటి గురవమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. అతన్ని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"గొంతు మళ్లా వచ్చిందా నాయనా? ఇప్పుడే గదా సందు చివర్నుంచి పెండ్లాన్ని పిలిస్తివి. అన్నం గిన్నె ఎత్తుకుని ఆ పక్కకే పాయె."

ఆమె చెయ్యి చూపింది నీవా నది వైపు.

మళ్లీ పరుగెత్తాడు. పిలవాలని నోరు తెరిచాడు. మెడ రంధ్రంలోంచి గాలి బుస్సుమంది, అంతే.

బురద అంచున గిన్నె దొరికింది. మెతుకు లేకుండా నాకి ఉంది. అంచు నుంచి చిక్కటి ఎంగిలి తీగలా వేలాడుతోంది... ఇంకా వెచ్చగా.

పక్కనే మురుగు వచ్చిపడే తూము ఉంది. వంగి చెవి పెట్టాడు. లోపల, చాలా లోపల, రెండు గొంతులు మెల్లగా మాట్లాడుకుంటున్నాయి.

ఒకటి తనది.

రెండోది కఫం కాండ్రించి మింగుతూ బదులిస్తోంది. అది రేవతిది కాదు.