అత్త పీకిన సాళ్లు

"అత్తమ్మా! నా చేన్ల చెట్లు ఎవరు పీకిన్రు?"

కోడలి కేక విని, వాకిట్లో బియ్యం చెరుగుతున్న ఈదమ్మ నవ్వుతూ తలెత్తింది.

"నేనే పీకిన బిడ్డా! నిన్న పొద్దుమీకి పిల్లను తోల్కొని అటు పోయిన. పల్లి చేన్ల నడుమ నడుమ సాళ్లన్ని రోగమొచ్చి ఎర్రగైనయి. నువ్వు పుస్తకాలల్ల పడి చూసుకుంటలేవాయె! ఒక్క చెట్టు ఇడువకుంట ఏరి కాలబెట్టిన. ఇగ నీ చేనుకు ఫికర్ లేదు!"

అనుపమ గుమ్మంలోనే ఆగిపోయింది. అయ్యో... ఈ పిచ్చితల్లికి ఎలా చెప్పాలి? రైతుకు రోగమొచ్చిన మొక్క శత్రువే. కానీ అనుపమ ఎమ్మెస్సీ పరిశోధన అంతా ఆ రోగం మీదే! యూనివర్సిటీ చేనులో తను వేసిన ముప్పై రకాల పల్లిలో తుప్పు తెగులును తట్టుకునే రకం ఏదో తేల్చాలి. అందుకోసమే నాలుగు సాళ్లకొకసారి ఆ తెగులు తొందరగా పట్టే రకాన్ని వేసి, కావాలనే రోగం అంటించి, పసిబిడ్డను సాకినట్టు సాకింది. ఆ రోగం పక్క సాళ్లకు పాకాలి. పాకినా ఏది పచ్చగా నిలబడితే అదే మేలైన రకం! ఇప్పుడు రోగమే లేకపోతే ఇక పరీక్ష ఎక్కడిది? మళ్లీ వచ్చే వానాకాలం దాకా ఆగాలి. అంటే ఇంకో ఏడాది!

ఆ మాట వింటేనే ఆ ఇంట్లో నిప్పు రాజుకుంటుంది. తొంభై అయిదులో అనుపమకు సీటు వచ్చేనాటికి కూతురు కీర్తనకు రెండేళ్లు. భర్త మల్లేశ్వర్‌ది కొత్తూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. రాజేంద్రనగర్‌లో, యూనివర్సిటీ వెనుక రెండు గదులు కిరాయికి తీసుకుని, పిల్లను చూసుకోవడానికి ఊరి నుంచి తల్లిని తెచ్చుకున్నాడు. ఊళ్లో వ్యవసాయం చూసుకునే అన్న అనంతయ్య ఆనాడే గీత గీశాడు. రెండేళ్లు దాటి ఒక్క రోజు ఎక్కువైనా తల్లిని తీసుకుపోతానన్నాడు. ఆమె వెళ్లిపోతే పిల్లను చూసేదెవరు? అనుపమ చదువు సాగేదెలా?

పరిగెత్తుకుంటూ వెళ్లి తన ప్రొఫెసర్ శాంతకుమారి మేడంకు చెప్పింది. మేడం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పది రోజుల్లోపు తెగులు సోకిన మొక్కలు తెచ్చి ఆ ఖాళీ సాళ్లలో నాటగలిగితే ఈ సీజన్ దక్కుతుందమ్మా. కానీ ఇప్పుడు మన దగ్గర ఒక్కటి కూడా లేదు. ఎక్కడ దొరుకుతాయో చూడు. అంతకుమించి నేనేమీ చేయలేను."

ఊరూరా తిరిగింది అనుపమ. హిమాయత్ సాగర్ పక్క చేలన్నీ చూసింది. ఎక్కడ చూసినా మొక్కజొన్న, కూరగాయలే! ఇంటికొచ్చి మల్లేశ్వర్‌కు సంగతి చెప్పుకుని ఏడ్చింది. కోడలు ఎందుకు ఏడుస్తోందో కొడుకు నోట విన్న ఈదమ్మ, ఆ రోజు నుంచి అన్నం ముద్ద సరిగా మింగలేదు.

కబురు ఊరికి ఎలా చేరిందో గానీ, గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆదివారం అనంతయ్య రానే వచ్చాడు.

"ఏం తమ్మీ, ఇంకో ఏడాది అంటున్రట? ఊర్ల అందరు నవ్వుతున్నరు! అత్త పిల్లను ఎత్తుకోవాలె, కోడలు కాలేజికి పోవాలె. ఇదేం సంసారం? ఆడ నా పల్లి చేనంత ఎర్ర రోగమొచ్చి నేను పరేషానైతున్న. చేతికింద మనిషి లేదు. అమ్మా, సామాన్లు కట్టు!"

మల్లేశ్వర్ నేలచూపులు చూశాడు. "అనూ... పోనీ, ఇడిసిపెడ్దం తియ్యి" అన్నాడు మెల్లగా. మంచివాడే మల్లేశ్వర్! కానీ అన్న ముందు నోరు పెగలని మంచితనం ఎవరికి కావాలి?

అనుపమ కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

"ఇడువను! బావా, మీరు పెద్దోళ్లు. అత్తమ్మను తోల్కపోతనంటే ఆపను. కాని నా చదువు ఆపమనెటందుకు మీరెవరు? నా బిడ్డను నడుముకు కట్టుకొని చేన్ల నిలబడ్త! మీ పొలంల నాట్లేసే ఆడోళ్లు గట్లనే వస్తలేరా? వాళ్లను ఏనాడన్న ఇంటికి పొమ్మన్నరా? కూలికైతే పిల్ల అడ్డం గాదు, చదువుకైతే అడ్డమా?"

అనంతయ్య ముఖం నల్లబడింది.

ఈదమ్మ మాత్రం పెద్ద కొడుకునే చూస్తోంది. "చేనంత ఎర్రగైందా?" అని ఒక్క మాట అడిగింది. అవునన్నాడు. ఆవేశంలో ఉన్న అనుపమ చెవికి ఆ మాట ఎక్కనే లేదు. అంతే... ఈదమ్మ చీరలు మూట కట్టుకుని, కోడలి వైపు కూడా చూడకుండా అతని వెంట బస్సెక్కింది.

ఎంత మొండిదైనా అనుపమ గుండె ఆ పూట చెరువైంది. తప్పు చేసిన మనిషి ఒక్క మాటైనా చెప్పకుండా పోవాలా? అయినా తెల్లవారగానే కీర్తనను చంకనేసుకుని బయలుదేరింది. గడప దాటకముందే మల్లేశ్వర్ వచ్చి పిల్లను అందుకున్నాడు. "ఇయ్యాల డ్యూటికి పోను. ఇగనుంచి రాత్రి షిఫ్టు అడుగుత" అన్నాడు తల దించుకుని. అనుపమ గడప దాటి ముందుకు నడిచింది. అతనూ పిల్లను ఎత్తుకుని చేను గట్టు దాకా వెంట నడిచాడు.

పది గంటలవుతుండగా, రోడ్డు వైపు నుంచి ఒక ఆకారం వస్తోంది. నెత్తిన పెద్ద గంప, వెనుక ఇంకో గంపతో ఆయాసపడుతూ అనంతయ్య!

"అత్తమ్మా!"

ఈదమ్మ గంప దించింది. నిండా వేళ్లతో, మట్టితో సహా పల్లి మొక్కలు... ఆకుల నిండా ఎర్రటి తుప్పు మచ్చలు!

"పొద్దుగాల మంచుల తవ్వినం బిడ్డా. నేనొక్కదాన్నే మోస్తనంటే మీ బావ ఎంట వచ్చిండు. శంషాబాద్‌ల బస్సు మారితిమి. కండక్టర్ లొల్లి పెట్టిండు, ఈ రోగం చెట్లు ఏడికని. నా కోడలి చదువుకు, జరుగుమని చెప్పిన!"

కబురందుకుని చేనుకు వచ్చిన శాంతకుమారి మేడం ఒక్కో ఆకూ తిప్పి చూసి, "ఇదేనమ్మా, ఇదే!" అంది పట్టరాని సంతోషంతో.

అనంతయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ గొణిగాడు. "అయిపాయె కదమ్మా... ఇగ ఇంటికి పోదాం పా."

"నేను రాను. నలభై ఏండ్లు మీ అయ్య చేన్ల, నీ చేన్ల వంగిన. నీకేం కావాలె అని ఒక్కలన్న అడిగిన్రా నన్ను? బడి ముందలికెళ్లి పోయిన గని, లోపలికి పోనియ్యలె. నా కోడలు లోపలికి పోయింది. దాన్ని బయటికి గుంజేటోడు నా కొడుకైనా సరే, నాకు పగోడే!"

అనుపమ భోరుమని ఏడుస్తూ అత్త కాళ్ల మీద పడబోయింది. ఈదమ్మ ఆమె రెక్క పట్టి లేపి, తాను పీకిన సాళ్ల వైపు తిప్పింది.

"మొక్కుడు తర్వాత. చెట్లు వాడుతున్నయి. నీళ్లు పట్టుక రా!"

అనుపమ బిందె అందుకుని బోరు దగ్గరికి పరిగెత్తింది.