చెంచాడు తోడు

పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తీసి, పెద్దాయన అలవాటు కొద్దీ పై అరలో ఎడమ మూలకి చెయ్యి చాచాడు. అక్కడ గిన్నె లేదు. లేదని ఆయనకి తెలుసు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచీ లేదు. అయినా చేతికి ఎవరు చెప్పాలి? అది రోజూ వెళ్తుంది, ఖాళీ అరని తడుముతుంది, ఉత్తదే తిరిగి వస్తుంది.

"నాన్నా, మళ్ళీ ఫ్రిజ్ తెరుచుకుని నిలబడ్డావా? చల్లదనమంతా బయటికి పోతోంది," అంది కూతురు, జుట్టు ముడి వేసుకుంటూ. "నీ మాత్ర రెండో అరలో ఉంది. ఓట్స్‌లో అరటిపండు కోసి వేశాను. మధ్యాహ్నానికి చిక్కుడుగింజల కూర, బీట్‌రూట్ డబ్బాల్లో పెట్టాను. బాగా నమిలి తిను. తిన్నాక కాసేపు నడువు. తినగానే నడుం వాల్చకు."

"అలాగేనమ్మా."

"నీళ్ళు?"

"తాగుతానమ్మా."

ఆమె సింకు దగ్గరే నిలబడి నాలుగు చెంచాల ఓట్స్ మింగేసి, సంచీ భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. పెద్ద ఆసుపత్రిలో డైటీషియన్ ఆమె. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం తినాలో, ఎలా తినాలో జనానికి చెప్పడమే ఉద్యోగం. ఇంట్లో చెప్పేది జీతం లేని ఓవర్‌టైము.

పెద్దాయన ఒకప్పుడు తాళాలు బాగుచేసేవాడు. ఈ అపార్ట్‌మెంట్‌లో పిల్లలంతా 'తాళాల తాత' అంటారు. ఈమధ్య ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆసుపత్రి పాలయ్యాడు. ఘాటైన మందులు పడ్డాక నెమ్ము తగ్గింది గానీ కడుపు పాడైంది. ఏం తిన్నా ఉబ్బరం, ఆకలన్నది లేదు. కూతురు పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పింది. "ఆ మందులు రోగక్రిముల్ని చంపాయి నాన్నా. వాటితో పాటు నీ పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవుల్ని కూడా చాలావరకు ఊడ్చేశాయి. మళ్ళీ వాటికి తిండి పెట్టి పెంచుకోవాలి. పీచు, పళ్ళు, గింజలు, రకరకాల కూరగాయలు, వేళకి నిద్ర. కోట్లల్లో ఉంటాయి అవి, తెలుసా?"

ఆయనకి నవ్వొచ్చింది. కడుపులో కోట్ల మంది ఉన్నారట, వాళ్ళని మేపాలట. ఇంట్లో మాత్రం తిన్నావా అని పలకరించే ఒక్క మనిషి లేడు. ఆ మాట పైకి అనలేదు. అంటే కూతురు నొచ్చుకుంటుంది. ఆమె చేసేదంతా ప్రేమతోనే అని ఆయనకి బాగా తెలుసు.

అల్లుడు మంచివాడే. పత్రిక అచ్చేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ. కూతురు వెళ్ళే వేళకి వచ్చి పడుకుంటాడు. అతని నిద్ర చెడకూడదని పెద్దాయన పగలంతా రేడియో పెట్టడు, కుర్చీ జరపడు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే చెంచా కంచానికి తగలకుండా తింటాడు. దొంగతనానికి వచ్చినవాడు కూడా అంత జాగ్రత్తగా ఉండడు.

ఆ మధ్యాహ్నం కూడా అలాగే కూర్చున్నాడు. కూర బాగానే ఉంది. చివర్లో డబ్బా పెరుగు మూత తీశాడు. తెల్లగా, నున్నగా, ఏ రుచీ లేకుండా ఉంది. రెండు చెంచాలు తిని మూత పెట్టేశాడు.

ఆ పై అరలో ఉండాల్సింది చిన్న స్టీలు గిన్నె. అంచు ఒకచోట సొట్ట, పైన మూతగా సాసరు. రాత్రి పెరుగు అయిపోతుందనగా ఆయన భార్య ఒక చెంచా తీసి అందులో దాచేది. మర్నాటి పాలకి అదే తోడు. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన తోడట అది. ఇళ్ళు మారినప్పుడల్లా సామాను లారీ ఎక్కినా ఆ గిన్నె మాత్రం ఆవిడ ఒళ్ళోనే ప్రయాణం చేసేది. "పాపాయిని పట్టుకున్నట్టు పట్టుకున్నావే," అని ఆయన ఆటపట్టించేవాడు. ఆవిడ పోయాక ఎవరూ చెప్పకుండానే ఆ పని తన మీద వేసుకున్నాడు. అంతకు ముందు ఎప్పుడో ఒకటి రెండు సార్లు తప్ప పాలు కాచిన పాపాన పోలేదు. నేర్చుకున్నాడు.

ఆయన ఆసుపత్రిలో ఉండగా కూతురు ఇల్లంతా కడిగింది. "ఫ్రిజ్‌లో పాత గిన్నెలన్నీ పారబోసి తోమేశాను నాన్నా. నువ్వు వచ్చేసరికి ఇంట్లో ఏ క్రిమీ ఉండకూడదని," అంది మెరిసే కళ్ళతో. "మంచి పని చేశావమ్మా," అన్నాడాయన. తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. భార్య పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు.

కంచం కడుగుతుండగా తాళాలవాడి బుర్ర ఒక ఉపాయం అందించింది. తాళంచెవి పోతే కొంప మునగదు. దానికి నకలు ఎవరి దగ్గరో ఉంటే చాలు. తన భార్య చెయ్యి ఊరుకునే చెయ్యి కాదు కదా! అడిగినవాళ్ళకల్లా తోడు ఇచ్చేది. కింద కుట్టుమిషను ఆవిడకి ఇవ్వడం తను కళ్ళారా చూశాడు. చెయ్యి తుడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు లేకుండా తలుపు దగ్గరేసి మెట్లు దిగాడు.

"రండి అన్నయ్యగారూ!" అంది కుట్టుమిషను ఆవిడ, స్టూలు మీద పరుచుకున్న గుడ్డ పక్కకి లాగి. "ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉందమ్మా. ఒకటి అడుగుదామని వచ్చా. మా ఆవిడ నీకు తోడు ఇచ్చింది కదా. అది ఇంకా ఉందా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. "అయ్యో అన్నయ్యగారూ! మొన్నామధ్య మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి పాడైపోయింది. ఇప్పుడు నేనూ డబ్బాలే కొంటున్నా."

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఆ ఒక్క ఆశా పోయింది.

"ఆగండాగండి! మా చెల్లి నా దగ్గరే పట్టుకెళ్ళింది. దానికి తెగ నచ్చిందిలెండి వదినగారి పెరుగు. అడుగుతానుండండి."

గదిలో ఫోను సరిగ్గా పలకదని ఆవిడ లిఫ్టు ముందుకి వచ్చింది. చెల్లెలికి చెవుడు. కాబట్టి ఆ ఫోను చెల్లెలొక్కతే వినలేదు, భవనమంతా విన్నది.

"మూడో అంతస్తు అన్నయ్యగారికి తోడు కావాలటే! తోడు! తో... డు! అవునే, ఆవిడ పోయింది కదా! ఆదివారం తీసుకొస్తావా? ఆయన చూసుకుంటారట! ఆఁ, ఇంట్లోవాళ్ళకి చెప్పినట్టు లేదులే!"

లిఫ్టు కోసం నిలబడ్డ ఐదో అంతస్తు ఆవిడ కూరల సంచీ చెయ్యి మార్చుకుంది. లిఫ్టు వచ్చినా ఎక్కలేదు. పెద్దాయన ఇదేం గమనించలేదు. "ఉందట అన్నయ్యగారూ," అన్న మాట వినగానే ఆయన కళ్ళకి ఇంకేం ఆనలేదు. చాలాకాలం తర్వాత ఆయనకి ఆకలేసింది.

సాయంత్రం కూతురు తలుపు తీసుకుని లోపలికి వస్తూనే చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు విడిచింది. డ్యూటీకి బూట్లు వేసుకుంటున్న అల్లుడు ఒకసారి తలెత్తి భార్య మొహం చూసి, మళ్ళీ లేసుల్లోకి తలదించుకున్నాడు.

"నాన్నా, ఐదో అంతస్తు ఆవిడ గేటు దగ్గర ఆపింది నన్ను. నీకు తోడు కావాలని అడుగుతున్నావట. నిజమేనా?"

పెద్దాయన ఇబ్బందిగా నవ్వాడు. "నీ దాకా వచ్చిందా? నిజమేనమ్మా. కావాలి."

"సిగ్గనిపించలేదా నాన్నా?"

"సిగ్గెందుకు? ఒకళ్ళనొకళ్ళు అడిగి తెచ్చుకునేదేగా. మీ అమ్మ కూడా ఎంతమందికి ఇచ్చిందో!"

"అమ్మనెందుకు లాగుతావు ఇందులోకి?" ఆమె సంచీ సోఫా మీద పడేసింది. "అమ్మ పోయి రెండేళ్ళు కాలేదు. అప్పుడే ఇంకో తోడా?"

"ఎన్నాళ్ళని లేకుండా ఉండనమ్మా? ఉన్నది పోయాక ఎక్కడో అక్కడ తెచ్చుకోవాలి కదా."

"ఆదివారం చూడ్డానికి వెళ్తున్నావటగా!"

"నేను వెళ్ళడం లేదు, ఆవిడే తెస్తుంది. రుచి చూసి పెట్టుకుందామని. మరీ పుల్లగా ఉంటే కష్టం. కాస్త చిక్కగా ఉంటే చాలు."

అల్లుడి దగ్గర్నుంచి దగ్గులాంటిది ఒకటి వచ్చింది. కూతురు అతన్ని చూపుతోనే నోరు మూయించింది.

"ఇక్కడ నీకేం తక్కువ చేశాం నాన్నా? కడుపులో చల్ల కదలకుండా చూసుకుంటున్నానే!"

"చల్ల ఉంటే కదమ్మా కదలడానికి," అన్నాడాయన. ఈసారి నవ్వలేదు. "ఉన్న తోడు నువ్వే పారబోశావు. పెరుగే లేదు, ఇక చల్ల ఎక్కడిది?"

అల్లుడు ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమేవ్! మామయ్యగారు అడిగింది పాలల్లో వేసే తోడు!"

కూతురికి ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే సోఫాలో కూలబడింది. "ఆ మహాతల్లి నోట్లో నోరు పెట్టి నేనెంత గొడవ పడి వచ్చాను నాన్నా! అయినా దాని కోసం ఊళ్ళోవాళ్ళని అడగడమేమిటి? డబ్బా పెరుగులోంచి చెంచాడు తీసి వేసుకుంటే తోడుకోదూ?"

"తోడుకుంటుందమ్మా," అన్నాడు పెద్దాయన. ఇక దాచుకోవడం ఆయన వల్ల కాలేదు. "కానీ అది మీ అమ్మది కాదు. పై అరలో సొట్ట గిన్నె ఉండేది చూడు. అందులోది మీ అమ్మమ్మ ఇచ్చింది. మీ అమ్మ ఒక్కరోజు కూడా తెగనివ్వలేదు. నిన్ను కన్నప్పుడు కూడా నాకు అప్పజెప్పి, ఆసుపత్రి మంచం మీంచి 'పాలు కాచావా' అని కబురు పెట్టింది. ఆవిడ చెయ్యి తగిలింది ఇంట్లో ఇంకేముందమ్మా? చీరలు నువ్వు తీసుకున్నావు. ఫోటో గోడ మీద ఉంది. రోజూ బతికి ఉన్నది అదొక్కటే."

కూతురి నవ్వు ఎటుపోయిందో పోయింది. ఆ గిన్నె ఆమెకి గుర్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుని, పులిసిందని మొహం చిట్లించి, కుళాయి కింద పట్టింది తనే. మంచి సూక్ష్మజీవులని పొద్దస్తమానం పాఠం చెప్పే తను, తల్లి పెంచినవాటిని చేజేతులా మోరీలోకి వదిలింది.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"నువ్వు నా కోసం ఇల్లు కడిగావు. నీ మొహం అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పను?"

ఆమె వచ్చి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. చిన్నప్పుడు ఆయన తాళాలు విప్పుతుంటే అలాగే కూర్చుని స్ప్రింగులు అందించేది. చాలాసేపు ఏడ్చింది. ఆయన తల నిమిరాడు గానీ ఊరుకోమనలేదు.

"ఇంకోటి అడుగుతాను, నిజం చెప్పు. నేను పొరపాటుగా అనుకున్న తోడు... అది కూడా కావాలా నీకు?"

పెద్దాయన గోడ మీది ఫోటో వైపు చూశాడు.

"పెళ్ళి కాదులేవే. ఆ కుట్టుమిషను ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది," అన్నాడు చివరికి. "మీ అమ్మ రోజూ పెరుగు వడ్డించి ఎలా ఉంది అని అడిగేది. రోజూ అదే పెరుగు, అదే ప్రశ్న. నేను నిన్నటిలాగే ఉంది అనేవాణ్ణి. ఇప్పుడు నువ్వు పెట్టే కూరలన్నీ మంచివే. తిన్నాక ఎలా ఉందని అడిగేవాళ్ళు లేరు. చెంచా చప్పుడు కాకుండా తినడం వచ్చేసిందమ్మా నాకు. అది రాకుండా ఉంటే బాగుండేది."

రెండో బూటు వేసుకున్న అల్లుడు తలుపు దగ్గరే ఆగిపోయాడు. "మామయ్యగారూ, రేపట్నుంచి మీరు రేడియో పెట్టుకోండి. ప్రెస్సులో అంత చప్పుడు మధ్యే కునుకు తీసేవాణ్ణి, మీ చెంచా నన్నేం లేపుతుంది? లేపినా మంచిదే, కలిసి తిందాం," అని, మొహం చూపించకుండా వెళ్ళిపోయాడు.

"రోజంతా అదే చెప్తాను నాన్నా నా దగ్గరికి వచ్చేవాళ్ళకి," అంది కూతురు, చెంగుతో మొహం తుడుచుకుంటూ. "హడావుడిగా తినకండి, నిలబడి తినకండి, వీలైతే ఇంట్లోవాళ్ళతో కలిసి తినండి అని. మనం ముగ్గురం మూడు వేళల్లో తింటాం. నేనైతే సింకు దగ్గర తింటాను."

"చూస్తూనే ఉన్నానుగా," అన్నాడాయన.

ఆదివారం కుట్టుమిషను ఆవిడ చెల్లెలు మందుసీసాలాంటి చిన్న సీసా తెచ్చింది. అడుగున తెల్లగా చెంచాడు. "మీ ఆవిడ చలవే నాయనా," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. సొట్ట గిన్నె తోమిన గిన్నెల అడుగున దొరికింది. కూతురు పాలు కాచి వేడి చూసే మీటరు తీయబోతే, పెద్దాయన ఆమె చిటికెన వేలు పట్టుకుని పాలల్లో ముంచాడు. "చురుక్కుమనకూడదు, చల్లగానూ ఉండకూడదు. మీ అమ్మ మీటరు ఇదే." ఆమె తోడు వేసి, కలిపి, సాసరు మూత పెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆమె సంచీ భుజాన వేసుకోలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. పెరుగు గడ్డగా తోడుకుంది. పెద్దాయన ముందుగా ఒక చెంచా సొట్ట గిన్నెలోకి, ఇంకో చెంచా కింద ఆవిడ కోసం సీసాలోకి తీశాడు. నకలు ఒకచోట ఉంచడం ఆయన వృత్తి నేర్పిన జాగ్రత్త. తర్వాత కంచంలో వేసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కాస్త పులుపెక్కువైంది. ఎన్ని ఇళ్ళు తిరిగి వచ్చిందో, ఎవరెవరి పాలు తాగిందో. అయినా ఆ రుచిలో ఆవిడ ఉంది. ఎదురుగా కుర్చీలో మాత్రం లేదు. ఇంకెప్పుడూ ఉండదు. ఆయన కళ్ళు నిండాయి.

"ఎలా ఉంది నాన్నా?" అంది కూతురు.

ఆయన చెంచా కింద పెట్టాడు. అది కంచానికి తగిలి ఖంగుమంది.

"నిన్నటిలాగే ఉందమ్మా," అన్నాడు.