కలేషా గంట

ఫోన్ తెర మీద పచ్చ లైటు వెలగలేదు. రొసిత్సా గంటని మళ్ళీ వేలితో కొట్టింది. మళ్ళీ ఎర్ర లైటే.

శనివారం మధ్యాహ్నం. గొర్రెలు దొడ్డిలో నీడపట్టున నెమరు వేస్తున్నాయి. మనోల్ తాత గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. తాతకి ముప్పై గొర్రెలు. వాటిలో పదకొండింటి మెడలో గంటలున్నాయి. మంద కొండ దిగుతుంటే ఊళ్ళో వాళ్ళు పని ఆపి వింటారు.

"వాయిద్యం అంటే కొట్లో కొనేదే కానక్కర్లేదు. సోమవారం మీరు వెతికి పట్టుకున్న సంగీతం తీసుకురండి," అని మ్యూజిక్ టీచర్ చెప్పారు. రొసిత్సా మంద గంటల్ని రికార్డు చేద్దామనుకుంది. తంబురాకి శ్రుతి చూసుకునే యాప్ ఫోన్లో ఉంది కదా అని, ముందు ఒక్కో గంటనీ పరీక్షించింది. పదకొండింటిలో పది శ్రుతి కలిసి పచ్చ లైటు చూపించాయి. కలేషా గంట ఒక్కటే మొండికేసింది.

కలేషా కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లగా ఉండే గొర్రె. ఎప్పుడూ మందని వదిలి ఎటో పోతుంటుంది.

'తాత ఇన్నేళ్ళూ కనిపెట్టలేదు పాపం' అనుకుంది రొసిత్సా. కలేషా మెడలోంచి గంట విప్పి, ఇంటి వెనక్కి తీసుకెళ్ళి, సుత్తితో అంచు మీద మెల్లగా దెబ్బలు వేసింది. ఆరో దెబ్బకి పచ్చ లైటు వెలిగింది. గంట మళ్ళీ కట్టేసి, సాయంత్రం మంద కదిలినప్పుడు రికార్డు చేసుకుంది. తాతకి చెప్పలేదు. తనే విని మురిసిపోతాడులే అనుకుంది.

మర్నాడు కొండ మీద పొగమంచు కమ్మేసింది. తాత నడుస్తూ నడుస్తూ ఆగి, తల పక్కకి వంచాడు.

"కలేషా ఏదే?"

"అదుగో తాతా, నీ ముందే."

"ఆటలాడకు. నాకు వినపడట్లేదు."

"మోగుతూనే ఉందిగా."

తాత చెయ్యి చాచి తడుముకుంటూ నాలుగడుగులు వేశాడు. కలేషా ఉన్ని వేళ్ళకి తగిలింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. తాతకి కళ్ళు మసకబారి మూడేళ్ళయింది. అప్పట్నుంచీ మందని చెవులతోనే కాస్తున్నాడు.

సాయంత్రం రొట్టె తుంచుతూ తాత నానమ్మతో అన్నాడు. "నెదా, చెవులు కూడా పోయాయి. గొర్రెలు కొనే ఆసెన్ని రేపు రమ్మను. మందని తోలుకుపోతాడు."

"ఓసారి వినపడకపోతే మందని అమ్ముకుంటావా?" అంది నానమ్మ. "నేను పిలిస్తే ఏనాడు వినపడింది నీకు?"

ఎప్పుడూ నవ్వే మాటకి తాత నవ్వలేదు.

ఇదంతా తన సుత్తి దెబ్బల వల్లే అని రొసిత్సాకి అర్థమైంది. అప్పుడే చెప్పేయాల్సింది. తాత తిడతాడని భయపడింది. చెప్పలేదు.

సోమవారం స్కూల్లో అందరూ ఆమె రికార్డింగు విని చప్పట్లు కొట్టారు. "ఎంత చక్కగా కలిశాయో!" అన్నారు టీచర్. రొసిత్సా తలెత్తలేదు.

ఇంటికొచ్చేసరికి దొడ్డి ముందు ఆసెన్ ట్రక్కు ఆగి ఉంది. ఆసెన్ కలేషా పళ్ళు చూస్తున్నాడు. "ముసల్దే, మనోల్ మామా. అయినా తీసుకుంటాలే."

"దాన్ని వదులు, ఆసెన్ బాబాయ్," అంది రొసిత్సా. "తాత చెవులు బాగానే ఉన్నాయి. గంటని నేనే పాడుచేశాను."

అంతా చెప్పేసింది. యాప్, సుత్తి, పచ్చ లైటు. తాత గంట విప్పించుకుని, వేలి కణుపుతో కొట్టి విన్నాడు.

"నిన్న చెప్పుంటే, రాత్రి నిద్రపోయేవాణ్ణి కదే," అన్నాడు.

తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకి.

"ఈ గంటల్ని మా నాన్న ఏరి పెట్టాడు," అన్నాడు తాత. "పది కలిసేవి, ఒకటి కలవనిది. తప్పిపోయే గొర్రెకి కలవనిది కడతాం. అదీ అన్నిటితో కలిసిపోతే మంచులో ఎలా వెతుక్కుంటాం?"

ఆసెన్ ఖాళీ ట్రక్కుతో వెళ్ళిపోయాడు.

మర్నాడు స్కూలు అవగానే ఇద్దరూ కింది ఊళ్ళో గంటలు చేసే స్టామెన్ దగ్గరికి వెళ్ళారు. "కలవకుండా చేసిస్తాను," అన్నాడు స్టామెన్. "పాత గొంతు మాత్రం రాదమ్మాయ్." చీకటి పడేదాకా కొట్టి ఇచ్చాడు. తాత మోగించి చూశాడు. "ఎవరిదో గొంతులా ఉంది," అని జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చి కలేషా మెడలో కట్టాడు.

ఆదివారం మళ్ళీ మంచు పట్టింది. రొసిత్సా ఫోన్ని ఇంట్లోనే వదిలి తాతతో వెళ్ళింది. అంతకుముందు వారమంతా స్కూలు నుంచి రాగానే దొడ్డిలో కళ్ళు మూసుకుని కూర్చుంది. ఏ గంట ఏ గొర్రెదో నేర్చుకుంది.

తాత ఆగాడు. "కలేషా ఏదే?"

ఆమె కళ్ళు మూసుకుంది. పది గంటలు ఒక్కటిగా మోగుతున్నాయి. వాటి పక్కనుంచి ఒకటి, బట్టకి ముల్లు తగులుకున్నట్టు వినపడింది.

"ఎడమవైపు, తాతా. కింద గుంటలో. మేత ఆపేసింది."

తాత తల ఇంకా పక్కకి వంచే ఉంది. గంట కొత్త గొంతు ఆయనకీ వినపడుతోంది. ఆయన వెతుకుతున్నది పాత గొంతుని.

రొసిత్సా ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇటు, తాతా," అంది.